మరుగుజ్జు మహాకమ్మరిని తయారుచేయడం ఎలా: ఓరుగల్లు వైపు సరుకుతో

ఫాంటసీ కథలో గానీ, నలుగురు కూర్చుని ఆడే రోల్‌ప్లే ఆటలో గానీ మరుగుజ్జు కమ్మరి వచ్చాడంటే చాలామంది ఒకే బొమ్మ గీస్తారు. నడుము దాకా గడ్డం, చేతిలో గొడ్డలి, పక్కన సారా పీపా, ఇతను చేసిన కత్తికి ఎదురులేదు అని ఒక వాక్యం. ఆ కత్తి ఎందుకంత గొప్పది, ఏ ఇనుముతో చేశాడు, చేస్తున్నప్పుడు ఏం చెడిపోయింది అని అడిగితే రాసినవాళ్ల దగ్గర జవాబుండదు. అందుకే ఆ పాత్ర పుస్తకం మూయగానే మర్చిపోయే పాత్ర అవుతుంది.

నేను చెప్పే పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు వస్తువు అనుకోండి, తర్వాత ఆ వస్తువు చేసే పని నేర్చుకోండి, ఆ పనిలో వచ్చే చిక్కు వెతకండి, మనిషిని ఆ తర్వాత తీసుకురండి. గడ్డం ఎంత పొడుగో చివర్లో తేల్చుకోవచ్చు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు ఉండేవాళ్లకు దీనికి కావాల్సిన సరుకు బస్సెక్కి వెళ్లి చూసేంత దూరంలో ఉంది, దాన్ని వదిలేసి ఎక్కడో మంచు కొండల్ని అరువు తెచ్చుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అయితే మూలం తెలియకుండా మొదలుపెట్టొద్దు. మరుగుజ్జు కమ్మరుల ఊహకు పునాది ఉత్తర యూరప్ నార్స్ పురాణాలు. ఐస్‌లాండ్‌లో స్నోరి స్టర్లుసన్ వాటిని సుమారు 1220లో రాసిపెట్టాడు. మన పాలంపేటలో రామప్ప గుడి శాసనం 1213 నాటిది, అంటే రెండూ దాదాపు ఒకే కాలం. ఆ కథల్లో లోకి అనే మాయావి, నీ తోడబుట్టినవాడు అంత గొప్ప వస్తువులు చేయలేడని బ్రొక్కర్ అనే మరుగుజ్జుతో తన తలను పందెం కాస్తాడు. బ్రొక్కర్ తిత్తి ఊదుతుంటే అతని తోడబుట్టినవాడు కొలిమిలో పని చేస్తాడు, ఎంత కష్టమొచ్చినా తిత్తి ఆపొద్దని ముందే చెప్తాడు. లోకి ఈగ రూపంలో వచ్చి ముందు చెయ్యి కుడతాడు, తర్వాత మెడ, చివరికి కనురెప్ప. రక్తం కంట్లోకి దిగి చూపు ఆనక బ్రొక్కర్ ఒక్క క్షణం చెయ్యి తీస్తాడు, దాంతో కొలిమిలో ఉన్న సుత్తి పిడి పొట్టిదైపోతుంది. అదే ఉరుముల దేవుడు థోర్ సుత్తి. పిడి పొట్టిగా ఉన్నా దేవతలు అన్నిటికంటే దానికే పెద్దపీట వేశారు. ఇక్కడ గమనించాల్సింది ఆ లోపం ఎక్కడి నుంచి వచ్చిందనేది. తిత్తి ఆగితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే పని చెడుతుంది, అది ఏ ఊరి కొలిమిలో అయినా జరిగేదే. మాయ ఉన్న కథలో కూడా లోపం పనిలోంచి పుట్టింది కాబట్టి ఇన్ని వందల ఏళ్లు నిలబడింది.

అదే పురాణాల్లో ఫెన్రిర్ అనే తోడేలును కట్టడానికి మరుగుజ్జులు ఒక పట్టీ చేస్తారు. దాంట్లో పడ్డ సరుకు పిల్లి అడుగుల చప్పుడు, ఆడమనిషి గడ్డం, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి. పట్టులా మెత్తగా ఉంటుంది, తెగదు. మీ వస్తువుకు కూడా సరుకు జాబితా రాసుకోండి, ఏది ఎక్కడ దొరుకుతుంది, ఎవరి దగ్గర కొనాలి, ఏది అయిపోవచ్చింది అనేంత వివరంగా.

వస్తువు ఎంచుకునేటప్పుడు కత్తి వద్దు. కత్తి అనగానే మీ బుర్ర ఇదివరకు చూసినవన్నీ తీసుకొచ్చి ముందు పెడుతుంది. తాళం, తక్కెడ, నాగలి కర్రు, బావి గిలక, గంట, వీటిలో ఏదైనా తీసుకోండి. నేను ఇక్కడ గంట తీసుకుని మొత్తం కట్టి చూపిస్తాను, మీరు మీ వస్తువుతో ఇలాగే చేయొచ్చు.

నా మరుగుజ్జు పేరు గుట్టయ్య అనుకుందాం. అతని జాతి నల్లటి గుట్ట కింద గనుల్లో బతుకుతుంది. గనిలో పెద్ద భయం పైకప్పు కూలడం. మన సింగరేణి బొగ్గు బాయిల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఎవరైనా మీ బంధువుల్లో ఉంటే వాళ్లని అడగండి, పైకప్పును కొట్టి ఆ చప్పుడును బట్టి రాయి గట్టిగా ఉందా వదులైందా అని ఎలా తెలుసుకుంటారో చెప్తారు. ఆనించిన కర్ర దిమ్మెలు విరిగే ముందు కిర్రుమంటాయి, ఆ చప్పుడు విని బయటపడ్డవాళ్లు ఉంటారు. గుట్టయ్య చేసిన గంట ఆ కిర్రు కంటే కొంచెం ముందే రాతిలోని వణుకు పట్టుకుని తనంతట తను మోగుతుంది. మాయ అంతే, నిజం కంటే ఒక్క అడుగు ముందు. అంతకు మించి మాయ పోస్తే పనితనానికి విలువుండదు.

ఇప్పుడు లోహం దగ్గరికి రండి. గంటలు పోసే కంచు అంటే రాగి, తగరం కలిసిన లోహం, సుమారుగా నాలుగు పాళ్లు రాగికి ఒక పాలు తగరం. తగరం పెరిగేకొద్దీ మోత బాగుంటుంది కానీ లోహం పెళుసవుతుంది, గట్టిగా కొడితే పగులుతుంది. గుట్టయ్యకు చిన్న వణుకు కూడా పట్టే గంట కావాలి, కాబట్టి తగరం మామూలుకంటే ఎక్కువ వేశాడు. దాంతో ఆ గంటను గట్టిగా మోగనివ్వలేడు, సన్నగానే మోగాలి. సన్నగా మోగితే పక్కన సుత్తి దెబ్బలు పడుతుంటే వినపడదు. అందుకని ఆ ఊళ్లో ప్రతి పూటా కొంతసేపు సుత్తులన్నీ ఆపేసి అందరూ చెవులు రిక్కించి కూర్చోవాలనే నియమం వచ్చింది. చూశారా, లోహం స్వభావంలోంచి ఒక ఊరి అలవాటు పుట్టింది. ఇక ఆ నియమాన్ని ఇబ్బంది పెట్టేవాణ్ణి తీసుకురండి: యుద్ధం దగ్గరపడింది, రాజుకు ఆయుధాలు కావాలి, సుత్తులు ఆపడానికి వీల్లేదంటాడు. సుత్తులు ఆపకపోతే గంట వినపడదు. మీకు కథ దొరికింది, దీనికోసం ఏ శాపమూ ఏ జోస్యమూ పెట్టనక్కర్లేదు.

మీరు ఎంచుకున్న వస్తువు ఉక్కుదైతే ఇంకా మంచి సరుకు ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు ఊట్జ్ ఉక్కుకు ప్రసిద్ధి, డమాస్కస్ కత్తులుగా పేరుపడిన వాటికి ముడిసరుకు అదే. 19వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఆ పని చూసి రాసిపెట్టాడు, ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఇనుము ముక్కల్ని మూసలో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రలో పెట్టి, మూత వేసి మట్టితో మూసేసి, గంటల తరబడి మంటలో ఉంచి, నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. మూస మట్టిలో వరి పొట్టు కలిపేవారు. ఆ పొట్టు కాలి నల్లబడ్డా మూస అంత వేడికి నిలిచేది. ఫాంటసీలో మూసకు డ్రాగన్ ఎముకల పొడి కలిపేవాళ్లు కొంచెం ఆగి వరి పొట్టు గురించి ఆలోచించండి. గుట్ట కింద బతికే జాతికి వరి ఎక్కడిది? పైనున్న రైతుల దగ్గర తెచ్చుకోవాలి. పైన కరువొస్తే కింద ఉక్కు ఆగిపోతుంది.

ఆ ఉక్కును సాగగొట్టేటప్పుడు మరీ వేడెక్కిస్తే లోపలి అల్లికంతా చెడిపోతుంది, దాని నీటి అలల్లాంటి చారలు పోతాయి, ముక్క చిట్లిపోవచ్చు కూడా. మామూలు ఇనుముకు అలవాటుపడ్డ యూరప్ కమ్మరులు ఇక్కడే దెబ్బతిన్నారు. కమ్మరి కొడుకైన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కూడా 1820 ప్రాంతంలో ఈ ఉక్కు రహస్యం తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు. ఆ చారలకు వనేడియం లాంటి మూలకాల జాడలు ఖనిజంలో ఉండడం ఒక కారణమని చాలాకాలం తర్వాత పరిశోధకులు తేల్చారు. దీన్ని కథలోకి ఎలా తెచ్చుకోవాలంటే, మీ మహాకమ్మరి రహస్యం మంత్రంలో దాచొద్దు, ఒక్క గుట్ట ఖనిజంలో దాచండి, అది అతనికి కూడా తెలియనివ్వొద్దు. ఆ గుట్ట ఖనిజం అయిపోయాక అదే చేతులు, అదే కొలిమి, అదే వేడి, కానీ చారలు రావు. ఊరంతా అతని చెయ్యి పోయిందంటారు. అతను కూడా అలాగే అనుకుంటాడు. ఇంతకంటే బలమైన విషాదం మీకు ఏ దుష్ట మాంత్రికుడూ ఇవ్వలేడు.

కొలిమి ఎక్కడ పెడుతున్నారో కూడా పని దృష్టితోనే చూడండి. మరుగుజ్జులు చీకట్లో ఎందుకుంటారు అంటే చాలామందికి అది కేవలం అలవాటు. కొలిమి నీడలో ఉండడానికి నిజమైన కారణముంది: కాలిన ఇనుము ముదురు ఎరుపులో ఉందా, నారింజలో ఉందా, పసుపుకు వచ్చిందా అనేది ఎండలో సరిగ్గా కనపడదు, రంగు తెలియకపోతే వేడి తెలియదు. అంటే గుట్ట కింద చీకటి వాళ్లకు పనిముట్టు లెక్క. గుట్టయ్యను మిట్టమధ్యాహ్నం పైకి తెచ్చి పని చేయమంటే చేయలేడు, అది బలహీనత కింద రాయండి, పనికొస్తుంది.

తర్వాత గాలి. భూమి లోపల మంట పెడితే పొగ ఎటు పోతుంది? గనుల్లో గాలి లోపలికి రావడానికి ఒక దారి, చెడ్డ గాలి బయటికి పోవడానికి ఇంకో దారి ఉంటాయి. మీ మ్యాపులో ఈ రెండూ గీయండి, ఆట ఆడేవాళ్లు లోపలికి దూరడానికి కూడా అవే దారులవుతాయి. ఇక బొగ్గు. కిందే నేలబొగ్గు ఉంది కదా అనుకోవద్దు, నేలబొగ్గులోని గంధకం ఇనుములోకి చేరితే ఎర్రగా కాల్చి కొట్టినప్పుడు ముక్కలవుతుంది. మంచి పనికి కట్టెబొగ్గు కావాలి, కట్టెబొగ్గుకు అడవి కావాలి. అందుకని మరుగుజ్జులకూ అడవి జనానికీ శత్రుత్వం అని రాసేముందు, వాళ్ల దగ్గర బొగ్గు కొనకుండా ఒక్క వారం కూడా గడవదని గుర్తుంచుకోండి. కొట్లాట ఉంటే బొగ్గు ధర మీద ఉండాలి.

ఇప్పుడు మనిషిని తీసుకురండి. పొట్టితనం మీద జోకులు వేయొద్దు. పొట్టిగా ఉండే మనుషులు మన చుట్టూ ఉన్నారు, మీ కథ వాళ్లూ చదువుతారు. పైగా పని దృష్టితో చూస్తే ఎత్తు పెద్ద విషయమే కాదు. మన పల్లె కొలిమిలో కమ్మరి కింద కూర్చునే పని చేస్తాడు, ఇనుము పెట్టి కొట్టే దిమ్మె, అదే దాగలి, నేలలో పాతి ఉంటుంది, ఎడమ చేత్తో పట్టకారు, కుడి చేత్తో చిన్న సుత్తి. ఎదురుగా సమ్మెట కొట్టే మనిషి నిలబడతారు. చాలా కమ్మరి కుటుంబాల్లో సమ్మెట ఇంటి ఆడవాళ్లే కొడతారు, తిత్తి కూడా వాళ్లే ఊదుతారు. మరుగుజ్జు జాతుల్లో ఆడవాళ్లు కనపడరని రాసేసే అలవాటు మానేసి, గుట్టయ్య కూతుర్ని సమ్మెట దగ్గర నిలబెట్టండి. సమ్మెట ఎక్కడ పడాలో కమ్మరి చిన్న సుత్తితో తట్టి చూపిస్తాడు, మాట అవసరం ఉండదు, సుత్తిని దాగలి మీద తట్టి ఆపితే ఆగాలి. ఈ ఒక్క విషయంతో తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేని ఒక పూర్తి సన్నివేశం రాయొచ్చు.

ఒంటి మీద పని గుర్తులు పెట్టండి. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు, మంట చూసి చూసి ఎర్రబడ్డ కళ్లు, ముఖ్యంగా చెవులు. ముప్పై నలభై ఏళ్లు సుత్తి దెబ్బల పక్కన కూర్చున్నవాళ్లకు వినికిడి తగ్గుతుంది. గుట్టయ్యకు తను పోసిన గంట మోత వినపడదు. చెయ్యి ఆనించి వణుకు తెలుసుకుంటాడు, సరిగ్గా ఉందో లేదో కూతురు చెప్పాలి. ఆమె అబద్ధం చెబితే? ఇక్కడ ఆగి ఆలోచించండి, మీ కథ మలుపు ఇదే కావచ్చు.

పేర్ల గురించి కొంచెం. నోరు తిరగని హల్లులు నాలుగు కలిపి పేరు పెట్టడం మానండి. మన వైపు కొమురెల్లి మల్లన్న పేరున కొమురయ్య, ఐలోని మల్లన్న పేరున ఐలయ్య, ఓదెల మల్లన్న పేరున ఓదెలు, సమ్మక్క పేరున సమ్మయ్య అని పెట్టుకుంటారు. ఊరి దేవుడు పేరులోకి వచ్చేస్తాడు. మీ మరుగుజ్జులకు కూడా ఒక గుట్ట దేవతను, ఆమె జాతరను ముందు ఊహించుకోండి, పేర్లు వాటంతట అవే వస్తాయి. పండుగ కూడా అలాగే. దసరాకు మనవాళ్లు పనిముట్లు కడిగి బొట్టు పెట్టి పూజ చేస్తారు, ఆ రోజు వాటికి పని చెప్పరు. సుత్తి దిగని ఆ ఒక్క రోజు గనిలో ఎలా ఉంటుందో రాసి చూడండి.

మాట తీరులో గంభీరమైన గ్రాంథికం పెట్టొద్దు. పనిలో ఉన్న మనిషి తక్కువ మాట్లాడతాడు, కొత్తగా వచ్చిన పిల్లగాడితో ఇలా ఉంటుంది:

"తాతా, ఎర్రగైంది, తియ్యనా?"

"గట్ల కాదు బిడ్డా. జర ఆగు."

"ఇంకెంతసేపు?"

"రంగు జూడు. నన్ను జూస్తే ఏమొస్తది?"

ఇంతే చాలు, ఇనుము గురించి ఉపన్యాసం ఇప్పించాల్సిన పని లేదు.

పేరు ప్రఖ్యాతులు ఎలా వచ్చాయో చెప్పేటప్పుడు రామప్పను గుర్తు తెచ్చుకోండి. కాకతీయ గణపతిదేవుడి కాలంలో సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శాసనంలో కట్టించినవాడి పేరుంది. జనం నోట మాత్రం గుడి పేరు రామప్ప, అది చెక్కిన శిల్పి పేరని చెప్పుకుంటారు. నీళ్లలో తేలే ఇటుకలు, ఇసుక నింపిన పునాది, నల్లరాతి మదనికలు అనే ఆడబొమ్మలు, ఇవి చూసినవాళ్లకు కట్టించిందెవరో కంటే చేసిందెవరో తెలుసుకోవాలనిపిస్తుంది. మీ మహాకమ్మరికి కూడా కనీసం రెండు కథలుండాలి. రాజు వేయించిన రాతి మీద ఒకటి, అందులో గుట్టయ్య పేరే ఉండదు. ఊళ్లో చెప్పుకునేది ఇంకోటి, అందులో అతను ఏడు రోజులు నిద్రపోకుండా గంట పోశాడని ఉంటుంది. కంచు పని చేసే తోటి కంచరులు చెప్పే మూడోది కూడా పెట్టగలిగితే మరీ మంచిది, వాళ్లకు తెలిసింది మొదటి రెండు గంటలు పగిలాయని, మూడోదానికి తగరం అప్పు తెచ్చాడని, ఆ అప్పు ఇంకా తీరలేదని. మూడూ ఒకదానితో ఒకటి పొసగకపోయినా సరిచేయకండి.

ఇదంతా కూర్చుని ఊహిస్తే కొంతవరకే వస్తుంది, మిగతాది చూడాలి. పెంబర్తి వరంగల్ హైదరాబాద్ రోడ్డు మీదే ఉంది, ఇత్తడి రేకును వెనక నుంచి కొట్టి బొమ్మ పైకి తెచ్చే పని అక్కడ చూడొచ్చు. కరీంనగర్‌లో వెండి తీగను మెలిపెట్టి అల్లే ఫిలిగ్రీ ఉంది, కంటి చూపు ఎంత పెట్టాలో అది చూస్తే అర్థమవుతుంది. ఆదిలాబాద్ వైపు ఓజ కళాకారులు చేసే డోక్రాలో మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి పట్టించి, మైనం కరిగిపోయిన చోట లోహం పోస్తారు, తర్వాత అచ్చు పగలగొడతారు కాబట్టి ఏ బొమ్మా రెండోసారి అచ్చంగా అలాగే రాదు. ఈ చివరిదాన్ని కథలో వాడుకోండి, ఒకే అచ్చు, ఒకే బొమ్మ, పగలగొడితేనే బయటికొచ్చేది. వీటికి దూరమైతే మీ మండల కేంద్రంలో కొడవళ్లు, గడ్డపారలు చేసే కొలిమి ఏదో ఒకటి ఉంటుంది, వానలకు ముందు వెళ్తే పని ఎక్కువగా ఉంటుంది.

వెళ్లగానే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టకండి. అడిగి కూర్చోండి, ఏదైనా కొనండి, పనికి అడ్డం రాకుండా చూడండి. కమ్మరిని "ఇది ఎలా చేస్తారు" అని అడిగితే చిన్న జవాబొస్తుంది. "చెడిపోతున్నట్టు మీకు ఎప్పుడు తెలుస్తుంది" అని అడగండి, "ఎవరు చేసింది చూస్తే మీకు ముచ్చటేస్తుంది" అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులో మీకు కావాల్సిన మహాకమ్మరి ఉంటాడు, ఎందుకంటే ఒక పనివాడి గొప్పతనం గురించి ఇంకో పనివాడు చెప్పేది చాలా చిన్న విషయంగా ఉంటుంది, అతుకు కనపడదనో, పిడి చేతిలో తిరగదనో.

ఆట నడిపేవాళ్లకు ఒక మాట. ఆటగాళ్లు గుట్టయ్య దగ్గరికి రాగానే డబ్బు తీసుకుని వస్తువు చేతిలో పెట్టించకండి. ముందు కాదననివ్వండి, కారణం పనిదై ఉండాలి: తగరం లేదు, అడవివాళ్లు బొగ్గు ఆపేశారు, కూతురు సమ్మెట పట్టనంటోంది. ఆ మూడిట్లో ఏది సరిచేయాలో ఆటగాళ్లను ఎంచుకోనివ్వండి, వస్తువు ఎలా తయారవుతుందో దాన్నిబట్టి మార్చండి. తగరం తక్కువ తెస్తే గంట పగలదు కానీ ఆలస్యంగా మోగుతుంది. నేలబొగ్గుతో సరిపెట్టుకోమంటే గంట పోస్తాడు, గంటను వేలాడదీసే ఇనుప కొక్కెం మాత్రం ఏదో ఒక రోజు విరుగుతుంది. ఏ రోజు విరగాలో మీరు ముందే రాసి పెట్టుకోండి, ఆటగాళ్లకు చెప్పకండి.